టైర్ల విషయంలో నాకు అండగా నిలిచిన పెద్దాయనకు, ఒంగోలు తమ్ముడికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మా కారు టైర్ల గురించి నేను పడ్డ టెన్షన్ మొన్న ఆదివారంతో తీరింది. తీర్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో చేసి రిటైరైన మా వీధి పెద్దాయన. రెండోవాడు ఒంగోలులో టైర్ల షాపులో పనిచేసే తమ్ముడు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్ళు చేసిన మేలు మాత్రం చెప్పకుండా ఉండలేను.

మాది నెల్లూరు, రొయ్యల చెరువులు చేస్తాం. నాలుగేళ్ళ క్రితం బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నాను. రెండు సీట్లు, బటన్ నొక్కితే టాప్ వెనక్కి మడుచుకునే రకం. సంక్రాంతి దాటాక బయటికి తీస్తాను, అక్టోబరులో వానలు మొదలవగానే షెడ్డులో పెట్టేస్తాను. వేసవి సాయంత్రాలు మైపాడు బీచ్‌కి, ఆదివారం పొద్దున్నే హైవే మీద కావలి దాకా, అంతే. ఇంత తక్కువ తిరిగే బండికి టైర్లు ఎందుకు పోతాయి అనుకున్నాను. నా పొరపాటు అక్కడే ఉంది.

ఈ ఏడాది హైవే ఎక్కితే తొంభై దగ్గర స్టీరింగ్ వణకడం మొదలైంది. బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు. ఒకరు వెనక రెండు మార్చమన్నారు, ఒకరు రిమ్ములే మార్చమన్నారు.

పెద్దాయన ఆ రోజు వచ్చింది కారు కోసం కాదు, మా నాన్నను పలకరించడానికి. వెళ్తూ షెడ్డు దగ్గర ఆగారు. పంచె ఎగగట్టి నేల మీద కూర్చుని, వెనక చక్రం లోపలివైపు చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని తడిమారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టించారు. బయటికి కనిపించే గాళ్ళలో నా గోరు మొత్తం మునుగుతోంది. లోపలి అంచు మాత్రం గచ్చులా నున్నగా ఉంది. “పైకి కొత్తది నాయనా, లోపల అయిపోయింది” అన్నారు. ఈ కారుకి వెనక చక్రాలు పైన కొంచెం లోపలికి వాలి ఉంటాయట, మలుపుల్లో పట్టు కోసం. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే వాలు, దిశ, తేడా వస్తే ముందు పోయేది ఆ అంచే.

ఆ తర్వాత టార్చి వేసి సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మీద నాలుగు అంకెలు చూపించారు, 2616. అంటే 2016లో 26వ వారంలో తయారైన టైరు. బొటనవేలితో రబ్బరు నొక్కితే ఎండిన చెరువులో నెర్రెల్లాంటి సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి. ముందు టైర్లదీ అదే వయసు. “రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, రబ్బరెంత? తిరగని బండికి టైరు అరగదు, ముసలిదవుతుంది” అన్నారాయన. నెలల తరబడి ఒకే చోట నిలబెట్టడంతో కింద ఆనిన భాగం చదునై, ఆ వణుకు వచ్చిందని కూడా అప్పుడే తెలిసింది. ఆ టైర్లతోనే నేను మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని నూటపదిలో వెళ్ళాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెనక రెండే మారుద్దామన్న ఆలోచన అక్కడితో పోయింది. నాలుగూ మార్చాలి. కానీ దొరకాలి కదా! ముందు టైర్ల సైజు 225/40 ఆర్18, వెనకవి 255/35 ఆర్18. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి పనికిరావు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టినప్పటి నుంచి ఇలాంటి సైజులకు కటకటే. ఒక షాపువాళ్ళు వెనక జత ఉందని ఫొటో పంపి అడ్వాన్సు అడిగారు. పంపించేవాణ్ణే. ఒంగోలు తమ్ముడు ఫొటో చూసి, “అన్నా, తేదీ అంకెలు టైరుకి ఒక పక్కే పూర్తిగా ఉంటాయి, వీళ్ళు రెండో పక్క తీశారు, ఇటు పక్కది అడుగు” అన్నాడు. అడిగితే వచ్చిన ఫొటోలో 1120 అని ఉంది. ఐదేళ్ళు గోడౌన్‌లో ఉన్న సరుకు కొత్త టైరు రేటుకి! ఆ ఒక్క ఫోన్‌కాల్‌కే నేను ఆ తమ్ముడికి రుణపడి ఉంటాను.

ఏ రకం తీసుకోవాలన్నది ఇంకో తలనొప్పి. రేసింగ్ ట్రాక్ మీద వాడే లాంటివి, ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పేది) 200 ఉన్నవి, వేయమని ఒక ఫ్రెండ్ పట్టుబట్టాడు. మెత్తటి రబ్బరు, ఎండలో రోడ్డుని కరిచి పట్టుకుంటాయి, నిజమే. పెద్దాయన ఒప్పుకోలేదు. వాటికి నీళ్ళు పోవడానికి గాళ్ళు తక్కువ. “వేసవి బండి అయితే మాత్రం మేలో తుఫాను రాదా? 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒంగోలు ఏమైందో మర్చిపోయావా?” అన్నారు. అలాగని ఆల్ సీజన్ రకమూ వద్దన్నారు. సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడేది ఏడు డిగ్రీల చలి దగ్గర. మన నెల్లూరులో ఆ చలి ఎక్కడిది? చివరికి తడిలోనూ పట్టు ఉండే, ట్రెడ్‌వేర్ 300 ఉన్న సమ్మర్ టైర్లు అనుకున్నాం. స్పీడు గుర్తు వై, అంటే గంటకు మూడు వందల కిలోమీటర్ల దాకా తట్టుకునేవి. అంత వేగం నాకెందుకు అంటే, వేగం కోసం కాదు, వేడి తట్టుకోవడం కోసం అన్నారు.

కారుతో వచ్చినవి రన్‌ఫ్లాట్లు. గాలి మొత్తం పోయినా ఎనభై స్పీడులో ఎనభై కిలోమీటర్ల దాకా లాక్కొస్తాయి, అందుకే ఈ కారులో స్టెప్నీ ఉండదు. కానీ రన్‌ఫ్లాట్లలో ఈ సైజు దొరకలేదు. పైగా సైడ్‌వాల్ గట్టిది కావడంతో స్పీడ్‌బ్రేకర్లకి నడుం అదిరిపోతుంది. మామూలువే తీసుకుని, డిక్కీలో పంక్చర్ కిట్టు, గాలి కొట్టే చిన్న పంపు పెట్టుకున్నాను. రెండు రకాలూ కలిపి మాత్రం వేయకూడదట.

సరుకు చెన్నై నుంచి ఒంగోలు తమ్ముడే తెప్పించాడు, నాలుగూ ఈ ఏడాదివే. బిగించే రోజు పెద్దాయన మిషన్ పక్కనే నిలబడ్డారు. టైరు మీద ‘అవుట్‌సైడ్’ అని ఉన్న పక్క బయటికి వచ్చిందో లేదో నాలుగు చక్రాలకీ వేలు పెట్టి చూశారు. అలైన్‌మెంట్ కాగితం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పాత టైర్ల సైడ్‌వాల్ కత్తితో కోయించాకే అక్కడి నుంచి కదిలారు, వాటిని మళ్ళీ ఇంకెవరి బండికీ ఎక్కించకూడదని. డబ్బివ్వబోతే కోప్పడ్డారు. మలై కాజా పెట్టె మాత్రం మనవడి కోసం తీసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం గాలి చూస్తే నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించింది. తీసేయబోతే ఫోన్‌లోనే ఆపారు. ఎండకి గాలి పెరుగుతుంది, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు డోరు దగ్గర స్టిక్కర్ ప్రకారం చూసుకోమన్నారు. షెడ్డులో పెట్టినా పదిహేను రోజులకోసారి బండిని కదపమని కూడా చెప్పారు.

పెద్దాయనా, తమ్ముడూ, మా ఇంటిల్లిపాదీ మీకు దండం పెడుతున్నాం.

నిన్న పొద్దున ఆయన్ని ఎక్కించుకుని మైపాడు వెళ్ళాను. టాప్ తీశాను. కొత్త టైర్లకి మొదట్లో నిదానం అన్నారు కాబట్టి అరవై దాటలేదు. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు, తల కొంచెం వెనక్కి వంచి చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నారు. సముద్రం కనిపించాక అన్నారు, “బాగుంది నాయనా. రేపు పాపను తీసుకురా.”