మామ ఎనిమిది అంటే మిషన్ సున్నా అనుకున్న కత

ఇందుకూరుపేట,
కార్తీక సోమవారం, రాత్రి

ఒరే అబ్బయా,

ఎట్టుండావు? మొన్న ఫోన్లో నవ్వినావు గదా, "అక్షరాల్ని అంకెలు చెయ్యడానికి మూడు రాత్రులు కూర్చున్నావా, ఒకటో తరగతి పిల్లోడు చేస్తాడే" అని. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉండాది. ఫోన్లో చెప్తే నువ్వు మాట మాటకీ అడ్డం వస్తావు. అందుకే ఉత్తరం రాస్తా ఉండా. అంతా చదివినాక అప్పుడు నవ్వు.

మైపాడు దోవలో మామ లీజుకి తీసుకున్న రెండు రొయ్యల గుంటలు నీకు గుర్తుండాయి గదా. నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్లు రాత్రి పదికి ఆనై పొద్దున ఏడుకి ఆఫయ్యేటట్టు ఆయనకి ఒక పెట్టె చేసిచ్చినా. లోపల ఒక ఏటీమెగా328 చిప్పు, మెసేజ్ అందుకునే ఒక జీఎస్ఎం మాడ్యూలు, కరెంటు కలిపి తీసే నాలుగు రిలేలు, అంతే. మామ ఇంట్లో కూర్చోని మెసేజ్ కొడితే టైము మారుద్ది. ఆయన పాత బ్యాంకు గుమాస్తా. చెక్కు మీద తేదీ రాసిన చెయ్యి, ఏడుని ఎప్పుడూ 07 అనే రాస్తాడు. "ఆఫ్ 07". రెండు పంటలు అట్నే సాఫీగా జరిగిపోయినాయి.

ఈ నెల ముసురు పట్టింది. ఎండ పడితేనే గదా నీళ్ళలో నాచు ఆక్సిజన్ వదిలేది. "పొద్దు సరిగ్గా పొడవడంలా, ఇంకో గంట తిరగనీ" అని మామ "ఆఫ్ 08" కొట్టినాడు. ఆ రాత్రి పన్నెండు కాంగానే ఏరియేటర్లన్నీ ఆగిపోయినాయి.

గుంటలో ఆక్సిజన్ బాగా అడుగంటేది తెల్లారుజామున. రాత్రిపూట నాచు కూడా పీల్చుకునేదే గాని ఇచ్చేది ఉండదు. లీటరుకి మూడు మిల్లీగ్రాముల కిందకి దిగిందంటే వెనామీ రొయ్యకి గండమే. కాపలా మనిషి పాపం మంచి నిద్రలో ఉండి లేచినాడు. చప్పుడుకి కాదు, చప్పుడు లేనందుకు! టార్చి వేసి చూస్తే గట్టు వారంతా రొయ్యల కళ్ళు మెరుస్తా ఉండాయంట. పెట్టె జోలికి పోకుండా నేరుగా స్టార్టర్లు నొక్కి అన్నిటినీ తిప్పినాడు. బతికిపోయినాం.

పొద్దున మామ నన్ను పెద్దగా తిట్టలా. "అల్లుడూ, నీ మిషన్‌కి ఎనిమిది తెలీదా?" అన్నాడు, అంతే. ఆయన ఎగతాళికి అన్నాడు గాని, నిజంగానే తెలీదురా!

ఎందుకో చెప్తా. మెసేజ్‌లో వచ్చే ఎనిమిది అంకె కాదు, అంకె బొమ్మ. ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే ఆస్కీ పట్టీలో సున్నా బొమ్మకి 48, ఒకటికి 49, అట్టా తొమ్మిదికి 57. కాబట్టి బొమ్మ నంబరులోంచి 48 తీసేస్తే అసలు అంకె వస్తుంది. అంకెలు వరసగా ఉంటే, ఇప్పటిదాకా వచ్చిన దాన్ని పదితో హెచ్చవేసి కొత్తదాన్ని కలుపుకుంటా పోవాల. "475" వచ్చిందనుకో, లోపల ఉండేది 52, 55, 53. మొదట 4. తర్వాత నాలుగు పదులు నలభై, ఏడు కలిపితే 47. మళ్ళీ పదింతలు 470, అయిదు కలిపితే 475. నువ్వన్న ఒకటో తరగతి లెక్క ఇదే. ఇంతవరకూ నువ్వు రైటే.

ఈ పని చెయ్యడానికి సీ భాషలో తయారుగా ఫంక్షన్లు ఉండాయి. నేను వాడింది స్ట్ర్‌టోల్. దానికి ఏ ఆధారంలో, అంటే ఎన్ని అంకెల లెక్కలో, చదవాలో కూడా చెప్పాల, పదా, పదహారా అని. నేను తెలివి ఉపయోగించి సున్నా ఇచ్చినా. సున్నా ఇస్తే ఆధారం అదే చూసుకుంటుంది. సున్నా ఎక్స్‌తో మొదలైతే పదహారు, వట్టి సున్నాతో మొదలైతే ఎనిమిది, లేకపోతే పది. ఎనిమిది ఆధారంలో 8, 9 అనే అంకెలే ఉండవు గదా! "08" చూసింది, సున్నా చదివింది, తర్వాత ఎనిమిది కనపడగానే ఇది నా లెక్కలోది కాదని అక్కడ్నే ఆగిపోయింది. చేతికొచ్చింది సున్నా. సున్నా గంటలంటే అర్ధరాత్రి. 01 నించి 07 దాకా ఏ ఆధారంలో చదివినా ఒకటే కాబట్టి రెండు పంటల పాటు తప్పు బయటపడలా.

ముందు సున్నా పెడితే ఎనిమిది ఆధారం అనే ఆచారం సీ కన్నా ముందుది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన బీ భాషలోంచి వచ్చింది. వాళ్ళ పీడీపీ-7 మిషన్‌లో ఒక వర్డుకి, అంటే మిషన్ ఒక్కసారి పట్టుకునే ముక్కకి, 18 బిట్లు (సున్నా-ఒకట్లు), మూడేసి చొప్పున విడగొడితే ఆరు ఆక్టల్ అంకెలు, అంటే ఎనిమిది ఆధారం అంకెలు, సరిగ్గా కుదురుతాయి. వాళ్ళకి సుఖంగానే ఉండింది. ఆ సుఖం ఇన్నేళ్ళకి మా మామ గుంటలో రొయ్యల మీదకొచ్చి పడింది.

నువ్వు జువ్వలదిన్నె బోట్లకి జీపీఎస్ పెట్టాలంటా ఉంటివే, నీకూ ఇదే గొయ్యి ఉంది. మన నెల్లూరు రేఖాంశం 79 డిగ్రీల చిల్లర. జీపీఎస్ మాడ్యూలు రేఖాంశం డిగ్రీల్ని మూడంకెల్లో రాస్తుంది, అంటే 079 అని మొదలవుద్ది. ఆధారం సున్నా ఇచ్చి చదివినావంటే 7 దగ్గరే ఆగుద్ది, 79 కాస్తా 7 అవుద్ది, నీ బోటు పోయి ఆఫ్రికాలో తేలుద్ది.

అయితే ఆక్టల్ ఒక్కదాన్నే తిట్టుకుంటే సరిపోదు. అసలు తప్పు నాది. ఎక్కడ ఆగిందో స్ట్ర్‌టోల్ చెప్తుంది, రెండో స్థానంలో ఒక పాయింటర్, అంటే రాసుకునే చోటు చిరునామా, ఇస్తే అందులో రాసి పెడుతుంది. నేను అక్కడ నల్, అంటే ఏమీ వద్దని, ఇచ్చి ఊరుకున్నా. వేలు పెట్టి చూపిస్తానంటే కళ్ళు మూసుకున్నట్టు. ఏటూఐ అని ఇంకో ఫంక్షన్ ఉండాది, అది ఇంకా ఘోరం, దాన్ని అడిగే దారే లేదు. "ఎర్రర్" అని పదం ఇచ్చినా సున్నా, "0" ఇచ్చినా సున్నా. పాలకేంద్రం పుస్తకంలో ఒక రోజు ఎదురుగా సున్నా ఉందనుకో, గేదె ఇవ్వలేదా, మనం పొయ్యలేదా, గుమాస్తా రాయడం మర్చిపోయినాడా? ఆ మూడూ వేరే వేరే సంగతులు గదా. ఆక్సిజన్ సెన్సార్ వైరు ఊడితే వచ్చే సున్నా, నిజంగా ఆక్సిజన్ లేక వచ్చే సున్నా కూడా అంతే.

సెన్సార్ అంటే గుర్తొచ్చింది, అదీ ఒక రాత్రి తినేసింది. అది "4.75" అని పంపుద్ది. ఈ చిప్పుకి దశాంశాల లెక్క చేసే హార్డ్‌వేర్ లేదు, లైబ్రరీ తెచ్చి పెడితే ఉండే 32 కిలోబైట్లలో అది కొంత మింగుద్ది. ఎందుకొచ్చిన గొడవలే, చుక్క తీసేసి నూరింతలుగా 475 అని దాచుకుందాం అనుకున్నా. బాగానే ఉండింది, ఒకసారి సెన్సార్ "4.7" అని పంపేదాకా. నా లెక్కలో అది 47, అంటే 0.47! చుక్క తర్వాత ఎన్ని అంకెలు వచ్చినాయో లెక్కపెట్టి, తక్కువైతే సున్నాలు చేర్చాల. ఎక్కువైతే వదిలెయ్యాల. నాలుగు లైన్ల పని, నాకు రెండు గంటలు పట్టింది.

మిగతావి చిన్నవి. ఈ చిప్పులో ఇంట్ అనే మామూలు అంకెల రకానికి 16 బిట్లే, 32767 దాటకూడదు. పన్నెండు గంటల్ని సెకన్లలో 43200 అని ఇస్తే -22336 అయి కూర్చుంది. ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకం వాడితే తీరిపోయింది. ఇంకోటి, మెసేజ్ దాచుకునే బఫర్‌లో వరస చివర ఇక్కడికి అయిపోయిందని చెప్పే నల్ అక్షరం పెట్టడం మర్చిపోయినావంటే పాత సరుకు కలిసిపోద్ది. ముందు "1240" ఉన్న చోట "475" రాస్తే "4750" అవుద్ది. మెసేజ్ చివర వచ్చే లైను మార్పు అక్షరాన్ని మాత్రం తప్పుగా లెక్కేసుకోబాక, అక్కడ ఆగితే సరైన చోటే ఆగినట్టు.

ఇప్పుడు ఆధారం పది అని ఖాయం చేసినా. ఒక్క అంకె కూడా లేకపోయినా, మధ్యలో ఆగినా, 23 దాటినా, పాత టైమే ఉంచి "అర్థం కాలేదు, మళ్ళీ పంపు" అని మామకి తిరుగు మెసేజ్ పోద్ది. రాత్రి కూర్చోని 00 నించి 23 దాకా అన్నీ కొట్టి చూసినా, తర్వాత 24, ఖాళీ, "ఎనిమిది" అని తెలుగులో కూడా.

సంక్రాంతికి వస్తావు గదా. అమ్మ చేపల పులుసు చేస్తానంది. వచ్చేటప్పుడు ఆ సీరియల్ కేబుల్ మర్చిపోబాక, నాది తెగిపోయింది.

మామకి మాత్రం నమ్మకం కుదర్లా. 08 ఇప్పుడు పని చేస్తుంది మామా అని నాలుగుసార్లు చెప్పినా. నిన్న సాయంత్రం కూడా "ఆఫ్ 8" అనే కొట్టినాడు, ముప్పై ఏళ్ళ అలవాటు మానుకోని మరీ.

ఇట్లు,
నీ పక్కబెంచీ వాడు