సభలో ఉటంకించిన మాటకు పుట్టుక చూడాలి

గౌరవనీయ లోక్‌సభ స్పీకర్ శ్రీ ఓం బిర్లా గారికి,

నమస్కారాలు. 2020 ఫిబ్రవరి 6న మీ సభలో జరిగిన ఒక విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఆ రోజు రాష్ట్రపతి ప్రసంగంపై చర్చకు బదులిస్తూ ప్రధానమంత్రి మోదీ, జమ్మూ కశ్మీర్ నాయకుడు ఒమర్ అబ్దుల్లా అన్నారంటూ ఒక మాట వినిపించారు. జమ్మూ కశ్మీర్‌కు ప్రత్యేక హోదా ఇచ్చిన 370వ అధికరణను రద్దు చేస్తే భూకంపం వచ్చి కశ్మీర్ భారత్ నుంచి విడిపోతుందన్నది ఆ మాట. అది ఒమర్ అన్నది కాదు. ‘ఫేకింగ్ న్యూస్’ అనే వ్యంగ్య వెబ్‌సైట్ 2014లో నవ్వించడానికి అల్లిన వార్తలోది. ఈ సంగతి నిజనిర్ధారణ చేసేవాళ్లు వెంటనే బయటపెట్టారు. అప్పటికి ఒమర్ నిర్బంధంలోకి వెళ్లి ఆరు నెలలు. విచారణ లేకుండానే నిర్బంధించే వీలిచ్చే ప్రజా భద్రతా చట్టాన్ని కూడా ఆ రాత్రే ఆయనపై ప్రయోగించారు. ఆయన లోక్‌సభ సభ్యుడు కారు కనుక లేచి ‘నేను అనలేదు’ అనే వీలు కూడా లేదు.

నేను వార్తలు తెలుగు చేసే పని చేస్తాను. ఆ సాయంత్రం ఆ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దేశ ప్రధాని సభలో పలికిన మాట కదా అని సరిచూడలేదు. సభపై ఉన్న ఆ నమ్మకమే నాచేత ఈ లేఖ రాయిస్తోంది.

అసలు వ్యాఖ్య ఒకటి ఉంది. 2014 మేలో ఒమర్ ట్విటర్‌లో రాసింది ఇది: మోదీ ప్రభుత్వం గతించిన చాలా కాలానికి కూడా 370వ అధికరణ అయినా ఉంటుంది, లేదా జమ్మూ కశ్మీర్ భారత్‌లో భాగంగా అయినా ఉండదు. ఇది ఘాటైన మాటే. దీన్నే చదివి ఎంత గట్టిగా ఖండించినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ అధికరణకూ, కశ్మీర్ భారత్‌లో విలీనం కావడానికీ ఉన్న సంబంధం గురించిన రాజ్యాంగ వాదన అది. భూకంపం మాటలో ఆ వాదన లేదు, బెదిరింపు ఒక్కటే ఉంది. ఈ తేడా వల్లే నాకు బాధ.

ఇలా మోసపోవడం మన దేశానికే పరిమితం కాదు. 2012లో చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైట్, అమెరికా వ్యంగ్య పత్రిక ‘ది ఆనియన్’ ఉత్తర కొరియా అధినేత కిమ్ జాంగ్ ఉన్‌ను అత్యంత ఆకర్షణీయ పురుషుడిగా ప్రకటించిందని నమ్మి, 55 ఫొటోలతో ప్రచురించింది. వెబ్‌సైట్ పేరు కళ్ల ముందు ఉన్నా ఇంత జరిగింది. ఆ పేరే చెరిగిపోతే? నిరుడు మా పిన్ని ఫోనుకు ఒక నాయకుడి ఫొటో వచ్చింది, పక్కన తెలుగులో ఆయన అన్నట్టుగా రెండు వాక్యాలు. పైనా కిందా కత్తిరించి ఉంది. ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ సభలో అన్నారో లేదు. ఆ మూడూ లేని మాటను నేను ఇప్పుడు ముట్టుకోను. ప్రత్యర్థికి సరిగ్గా కావలసినట్టు కుదిరిన వాక్యమైతే రెండోసారి చూస్తాను.

మంత్రులు ప్రభుత్వ పత్రాన్ని ఉటంకిస్తే దాన్ని సభ ముందుంచాలని మీ నిబంధనలే చెబుతున్నాయి. సభలో చెప్పిన దాంట్లో తప్పుంటే ఎత్తిచూపడానికి స్పీకర్ ఆదేశాల్లో 115వది ఉంది, కానీ అది సభ్యులకే. సభలో లేని మనిషి నోట పెట్టిన మాటకు ఎవరు పూచీ?

అందుకే కోరుతున్నాను. బయటి వ్యక్తి మాటను ఉటంకించే సభ్యుడు, అధికార పక్షమైనా ప్రతిపక్షమైనా, అది ఎక్కడ ఎప్పుడు అన్నదో కాగితంపై ఇవ్వాలి. సభ్యులు అడిగిన సమాచారం వెతికి ఇవ్వడానికి పార్లమెంటు గ్రంథాలయంలో పరిశోధన సిబ్బంది ఉన్నారు. ప్రసంగానికి ముందే వారిచేత సరిచూపించే ఏర్పాటు చేయండి. తప్పని తేలితే ఆ ప్రసంగ పాఠం పక్కనే సవరణ అచ్చువేయించండి. ఆ మాట ఎవరిదని చెప్పారో వారు నేరుగా మీ కార్యాలయానికి రాసుకునే వీలు కల్పించండి.

ఆ ఫిబ్రవరి 6 నాటి కార్యకలాపాలతోనే ఈ పని మొదలుపెట్టాలని నా విన్నపం.

భవదీయుడు,
ఒక తెలుగు అనువాదకుడు