వసంతకు, ఆ కనిపించని మనిషి సంగతి

ఒసేయ్ వసంతా,

జవాబు ఆలస్యమైందని కోప్పడకే. అత్తయ్యగారి కంటి ఆపరేషను, పెద్దదాని పరీక్షలు, మేడ మీద ట్యాంకు మార్పించడం, అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఇప్పుడు అందరం కులాసా. అత్తయ్యకి చూపు బాగా ఆనుతోంది, బియ్యంలో రాళ్ళు నాకంటే ముందు ఆవిడే పట్టేస్తోంది. మన ఏలూరు గొడుగు సంగతి లాంటిదే మళ్ళీ జరిగింది, ఈసారి పెళ్ళి పందిట్లో! అది కాగితం మీద పెట్టేది కాదు, కలిసినప్పుడు చెప్తా.

అసలు సంగతికొస్తా. బుజ్జిగాడికి 'ర' పలకట్లేదనీ, 'లైలు', 'లాముడు' అంటుంటే బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారనీ, వాడు మాట్లాడటమే తగ్గించేశాడనీ రాశావే, ఆ ముక్క చదివినప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. వాడి వాగుడు లేని మీ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోతున్నాను. అందుకే ఈ మనిషి గురించి తెలియగానే నీకు రాయకుండా ఉండలేకపోయాను.

మీ ఇంట్లో కూర్చుని 'కాసాబ్లాంకా' చూశాం గుర్తుందా? అందులో పోలీసు కెప్టెన్. నవ్వుతూనే లంచాలు తింటాడు, చివర్లో విషీ అనే ఫ్రెంచి నీళ్ళ సీసా చెత్తబుట్టలో పడేసి బుట్టని కాలితో ఒక్క తన్ను తంతాడు. హీరో కంటే వీడే బాగున్నాడే అన్నావు. ఆయన పేరు క్లాడ్ రెయిన్స్. ఆ గొంతు గుర్తుందా, పట్టు చీర మడత విప్పుతున్నట్టు ఉంటుంది? ఆ మనిషికి చిన్నప్పుడు 'ర' పలికేది కాదే! నిజం. అసలు పేరు విలియం క్లాడ్ రెయిన్స్. చిన్నతనంలో తన పేరు తాను 'విల్లీ వెయిన్స్' అని చెప్పుకునేవాడట. కూతురు జెస్సికా చెప్పిన మాట ఇది. పైగా నత్తి. పైగా లండన్ పేటల్లోని కాక్నీ యాస. ఒక్క పిల్లాడికి ఎన్ని అడ్డంకులో చూడు.

1889లో లండన్ కాంబర్‌వెల్‌లో పుట్టాడు. ఇంట్లో పేదరికం, పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది పసితనంలోనే పోయారు. ఆ తల్లి ఎలా తట్టుకుందో... సరే, అది వదిలేస్తా, రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది. చదువు రెండు మూడు తరగతుల దగ్గరే ఆగిపోయింది. పదేళ్ళకే నాటకాల్లో గుంపులో నిలబడ్డాడు. తర్వాత హిజ్ మెజెస్టీస్ థియేటర్లో పనికి కుదిరాడు. నటుల గదుల తలుపులు తట్టి, మీ వంతు వచ్చింది, రండి అని పిలిచే కుర్రాడి పని. అక్కణ్ణుంచి ప్రాంప్టర్ అయ్యాడు. మాట తిరగని వాడు తెర పక్కన నిలబడి పెద్దపెద్ద నటులకి మాట అందించడం! రోజూ అవే సంభాషణలు, రోజూ వినడం. చెవి ఎంత పదునెక్కి ఉంటుందో ఆలోచించు.

ఆ థియేటర్ యజమాని సర్ హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ, ఆ రోజుల్లో మహానటుడు. ఈ కుర్రాడిలో ఏం చూశాడో గానీ, ఉచ్చారణ పుస్తకాలు ఇచ్చి, పాఠాలకి డబ్బు కూడా తనే కట్టాడు. నాకు కళ్ళు చెమర్చింది ఇక్కడే. మన జీడిపప్పు మాస్టారు లేకపోతే నువ్వు ఆ వక్తృత్వపు పోటీలో మెట్లెక్కేదానివా చెప్పు? ఎవరో ఒకరు పిల్లాడి గొంతులో ముందుగా వినాలి. రెయిన్స్ తర్వాత లండన్ రాడా నాటక విద్యాలయంలో పాఠాలు చెప్పాడు. శిష్యులెవరనుకున్నావు? తర్వాత పెద్ద నటులైన జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్! ఇంగ్లీషు మాటకి గీల్‌గుడ్ గొంతునే కొలబద్దగా చెప్పుకుంటారు. ఆ గొంతుకి గురువుల్లో ఒకడు 'ర' పలకని విల్లీ.

ఈ మధ్యలో యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ స్కాటిష్ రెజిమెంటులో చేరాడు. ఫ్రాన్స్‌లో విమీ దగ్గర విషవాయువు దాడిలో చిక్కుకున్నాడు. ఒక కంటి చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు, జీవితాంతం అలాగే నటించాడు. ఈసారి కాసాబ్లాంకా చూసేటప్పుడు ఆ కళ్ళు చూడు, ఏది చూపున్న కన్నో ఏది లేనిదో చెప్పలేవు. ఇంట్లో ఒక్క వారం అత్తయ్య కంటికి కట్టు చూసిన దాన్ని, మెట్టు దిగడానికే ఎంత భయపడిందో నాకు తెలుసు. ఆయన స్టేజి మీద కత్తియుద్ధాలూ అవీ ఎలా... అబ్బ, పాలు పొంగాయి, ఉండు.

వచ్చా. ఎక్కడున్నాను? ఆఁ, సినిమా. అసలు చెప్పాలనుకున్నది ఇదేనే.

హాలీవుడ్‌కి వచ్చేనాటికి 40 దాటాయి. పొట్టి మనిషి. ఒక స్క్రీన్ టెస్టు ఇస్తే అది బొత్తిగా కుదరలేదు. కానీ దర్శకుడు జేమ్స్ వేల్ ఆ టెస్టులోంచి వచ్చిన గొంతు విన్నాడు. అప్పుడాయన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' తీయబోతున్నాడు. కనిపించని మనిషి కథ! ముఖం ఎలా ఉంటే ఏం, గొంతు చాలు, వీడే నా హీరో అనేశాడు. 1933లో సినిమా విడుదలైంది. మొదట్నుంచీ కట్లు, నల్లద్దాలు, లేదా గాలి. ముఖం కనిపించేది చిట్టచివర్లో, ప్రాణం పోయాక, కొన్ని క్షణాలు. అంతే! మిగతా సినిమా అంతా గొంతే మోసింది. చిన్నప్పుడు ఆదివారం ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వింటూ నువ్వు బొమ్మంతా కళ్ళకు కట్టినట్టు చెప్పేదానివే, అలా చూశాను నేను ఆ సినిమా. కళ్ళు మూసుకున్నా ఆయన గదిలో ఎటు నడుస్తున్నాడో తెలుస్తుంది.

ట్రిక్కులు కూడా గట్టివే. నల్ల వెల్వెట్ కప్పిన సెట్లో, మనిషికి నిలువెల్లా నల్ల వెల్వెట్ తొడిగి, పైన చొక్కా వేసి తీసేవారట. ఫిల్ములో చొక్కా ఒక్కటే పడుతుంది. దాన్ని గది బొమ్మతో కలిపేవారు. జాన్ ఫుల్టన్ అనే ఆయన పనితనం. బుజ్జిగాడికి ఈ భాగం చెప్పు, ఎగిరి గంతేస్తాడు.

ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఏళ్ళు గడిచాక ఆయన పెన్సిల్వేనియాలో పొలం కొనుక్కుని ఉండేవాడు. దగ్గర్లో ఒక చిన్న హాల్లో ఈ సినిమా మళ్ళీ వేస్తే కూతుర్ని తీసుకెళ్ళాడు. చలికి టోపీ, మఫ్లరు, ముఖమంతా కప్పేసుకున్నాడు. టికెట్ల దగ్గర నోరు విప్పగానే గొంతుని గుర్తుపట్టేశారట! డబ్బులొద్దన్నారు, ఆయన ఒప్పుకోలేదు. లోపల కూతురికి ఏ సీను ఎలా తీశారో చెప్తుంటే, హాల్లో జనం సినిమా మానేసి ఈయన మాటలే వింటూ కూర్చున్నారట. వసంతా, తన పేరు తాను పలకలేని పిల్లాడే ఇతను!

నువ్వు బుజ్జిగాణ్ణి 'ర' అను, 'ర' అను అని పదిమంది ముందు అనిపించకు. మంచి స్పీచ్ థెరపిస్టుకి ఒకసారి చూపించు, అది అవసరమే. వాడికి రోజూ ఎవరో ఒకరు గట్టిగా కథలు చదివి వినిపించండి. మీ ఆయన గొంతు బాగుంటుంది కదా, ఆయన్ని కూర్చోబెట్టు. నేను సెలవులకి వచ్చినప్పుడు ఆ పని నాది.

మర్చిపోయాను, ఉత్తమ సహాయ నటుడిగా నాలుగుసార్లు ఆస్కార్‌కి రెయిన్స్ పేరు వెళ్ళింది, ఒక్కటీ రాలేదు. నాకు దీని మీద చాలా కోపంగా ఉంది, నీతో గంటసేపు మాట్లాడాలి. ఆయన సినిమా 'నటోరియస్' దొరికితే ముందు చూసి ఉంచు. అందులో హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఈయన కంటే పొడుగు, అందుకని దర్శకుడు హిచ్‌కాక్ ఏం చేశాడంటే

పిన్నీ వాళ్ళ ఆటో వచ్చేసింది, ఉత్తరం వాళ్ళ చేతికే ఇస్తున్నా. మిగతాది ఫోన్లో.

నీ
సరళ