కాయిల్ కింద కూర్చున్న మనిషి మనసు ఎట్లుందో కూడా రాసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మాత్రలతో డిప్రెషన్ తగ్గనివాళ్లకు డాక్టర్లు ఆర్‌టీఎంఎస్ అనే అయస్కాంత చికిత్స రాస్తున్నారు. దానికోసం వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి హైదరాబాద్ దాకా పోయి వచ్చే కుటుంబాలున్నాయి. "మిషన్ పని మిషన్ చేస్తది, మనం కూసుంటే చాలు" అనే మాట ఇళ్లల్లో ఉంది, కొన్ని చికిత్స గదుల్లోనూ ఉంది. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇది షాక్ ట్రీట్‌మెంట్ కాదు. మత్తు ఇవ్వరు, రోగి మెలకువతోనే ఉంటారు. తలకు ఆనించిన కాయిల్‌లో, అంటే తీగచుట్టలో, సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువసేపు కరెంటు పారుతుంది. దాంతో పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి, రెండు మూడు సెంటీమీటర్ల లోతులోని నాడీకణాల్లో చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. అప్పటికే పనిలో ఉన్న కణం ఆ తాకిడికి వెంటనే స్పందిస్తుంది, సద్దుమణిగి ఉన్న కణానికి అది చాలదు. పదును మీదున్న దుక్కిలో పెట్టిన పత్తి గింజ, ఎండిన దుక్కిలో పెట్టిన గింజ ఒక్క తీరుగా మొలవవు కదా. మిషన్ మీది అంకె మారకపోయినా లోపల అందేది మారుతుంది.

మొదటి రోజే ఇది కళ్లకు కనిపిస్తుంది. డోసు తేల్చడానికి ముందు మోటార్ థ్రెషోల్డ్ చూస్తారు. ఎడమవైపు, చేతిని కదిలించే మెదడు భాగం మీద కాయిల్ పెట్టి ఒక్కొక్క పల్స్ (అయస్కాంత తాకిడి) ఇస్తూ కుడి బొటనవేలును గమనిస్తారు. పదిసార్లు ఇస్తే ఐదుసార్లు వేలు అదిరే కనిష్ఠ బలమే థ్రెషోల్డ్. చికిత్స సాధారణంగా దానికి 120 శాతం బలంతో నడుస్తుంది. ఈ కొలత కండ పూర్తిగా వదులుగా ఉన్నప్పుడే సరిగ్గా వస్తుంది. భయంతో పిడికిలి బిగిస్తే, కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకుంటే, చేతిలో సెల్‌ఫోన్ ఉంటే వేలు తక్కువ బలానికే అదురుతుంది. వదులుగా ఉన్నప్పుడు థ్రెషోల్డ్ మిషన్ బలంలో 50 శాతం రావాల్సిన మనిషికి బిగింపుతో 42 వచ్చిందనుకోండి. 60 అందాల్సిన చోట 50 అందుతుంది, అదీ నెల పొడుగునా. కండ కదలనక్కర్లేదు, పిడికిలి బిగిస్తున్నట్టు మనసులో ఊహించుకున్నా స్పందన పెరుగుతుంది. ఎదుటి మనిషి చేత్తో వస్తువు పట్టుకోవడం చూస్తున్నా పెరుగుతుందని ఇటలీలోని పార్మాలో ఫడిగా బృందం 1995లోనే చూపింది. అందుకే థ్రెషోల్డ్ చూసేటప్పుడు అరచేతిని పైకి తిప్పి తొడమీద వదిలేయమనాలి, వెంట వచ్చినవాళ్లను రోగి ఎదుట కాకుండా వెనక కూర్చోబెట్టాలి. చెవుల్లో ప్లగ్‌లు పెట్టి, ముందుగా ముంజేతి మీద రెండు మూడు పల్స్‌లు ఇచ్చి చూపిస్తే సగం భయం పోతుంది. చప్పుడు పెద్దదే, తలమీద వడ్రంగి పిట్ట పొడిచినట్టుంటుంది. ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక నిద్ర. అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే. 2005లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మస్సిమిని, టొనోని బృందం ఒకే మనుషులకు మెలకువలోనూ, కలలు లేని నిద్రలోనూ పల్స్‌లు ఇచ్చి, మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీసింది. మెలకువలో స్పందన పుట్టిన చోటు నుంచి దూరంగా ఉన్న భాగాలకూ పాకింది. నిద్రలో పుట్టిన చోటే పుట్టి అక్కడే ఆరిపోయింది. డిప్రెషన్ చికిత్సలో నుదుటికి ఎడమపక్కన ఇచ్చే పల్స్ మెదడు లోపలి భాగాల దాకా ప్రభావం చూపాలని కదా ఆశ. పాత పద్ధతిలో 4 సెకన్లలో 40 పల్స్‌లు, తర్వాత 26 సెకన్ల విరామం, ఇట్లా 37 నిమిషాల పైన నడిచి 3000 పల్స్‌లు పూర్తవుతాయి. ఆ విరామంలోనే కునుకు పడుతుంది, తల వాలుతుంది, కాయిల్ జరుగుతుంది. సెంటీమీటరు జరిగినా వేరే చోటికి ఇచ్చినట్టే. 600 పల్స్‌లను మూడు నిమిషాల్లో ముగించే కొత్త పద్ధతిలో ఈ బెడద తక్కువ. ఏ పద్ధతైనా సిబ్బంది గది వదిలి పోవద్దు, కళ్లు మూతలు పడుతుంటే పలకరించాలి.

మన దిక్కు మనుషులకు ఇది మరింత కష్టం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాదాపు 130 కిలోమీటర్లు. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు తిరగాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి బండెక్కినవాళ్లు కాయిల్ కింద కూర్చోగానే నిద్రలోకి జారుతారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల కాడ రాత్రంతా కాపలా ఉండి పొద్దున చికిత్సకు పోయే రైతు సంగతీ అంతే. ఇది డబ్బు వృథా ఒక్కటే కాదు. నిద్ర చాలని మెదడుకు ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ చికిత్సలో ఫిట్స్ చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ. ఆ అరుదైన కేసుల్లో తరచుగా కనిపించే కారణాల్లో నిద్ర లేకపోవడం ఒకటి. వీలున్నవాళ్లు ఆ నెల నగరంలో చుట్టాలింట్లో ఉండడం మేలు. లేకపోతే పొద్దటి స్లాట్ వద్దని, మధ్యాహ్నం స్లాట్ ఇవ్వమని గట్టిగా అడగాలి.

కల్లు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఉత్తర తెలంగాణలో దొరికే కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. రోజూ తాగే మనిషి తనకు తెలియకుండానే మత్తుమందు మీద ఉన్నట్టు. ఆ రకం మందులు తీసుకునేవాళ్లలో ఆర్‌టీఎంఎస్ ఫలితం తక్కువగా వచ్చిందని కొన్ని పరిశీలనల్లో తేలింది. అంతకన్నా పెద్ద ప్రమాదం, "మెదడు ట్రీట్‌మెంట్ కదా" అని ఇంట్లోవాళ్లు ముందురోజు నుంచే కల్లు బంద్ చేయించడం. ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, ఫిట్స్ రావచ్చు, సరిగ్గా అప్పుడే కాయిల్ పెడితే ఇంకా ముప్పు. కల్లు మానాల్సిందే, కానీ డాక్టరుకు చెప్పి, ఆయన పద్ధతిలో మానాలి, చికిత్స ఆ తర్వాత మొదలుపెట్టాలి. ఫిట్స్ మాత్రలదీ ఇదే తీరు. కార్బమజెపిన్ లాంటివి థ్రెషోల్డ్‌ను పెంచుతాయి. మధ్యలో ఏ మాత్ర మారినా, ఆగినా థ్రెషోల్డ్ మళ్లీ చూడాలి, మొదటి రోజు అంకెనే పట్టుకొని కూర్చోకూడదు.

మనసు స్థితినే చికిత్సలో భాగం చేసిన ఉదాహరణ కూడా ఉంది. ఓసీడీ అంటే వద్దనుకున్నా అవే అనుమానాలు, అవే పనులు తిరిగితిరిగి వచ్చే జబ్బు. దాని చికిత్సకు 2018లో అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతించిన పద్ధతిలో, ప్రతి సెషన్‌కు ముందు రోగి భయాన్ని కావాలనే కాస్త రేపుతారు. చేతులు కడుగుతూనే ఉండే మనిషిని తలుపు గొళ్లెం ముట్టుకోమంటారు. తాళం వేశానో లేదో అని సతమతమయ్యేవాళ్లకు ఆ అనుమానాన్నే గుర్తుచేస్తారు. ఆందోళన మధ్యస్థాయికి వచ్చాక, ఆ భయాన్ని నడిపే మెదడు దారులు మేల్కొని ఉన్నప్పుడు పల్స్‌లు మొదలవుతాయి. ఇది శిక్షణ పొందినవాళ్లు చేయాల్సిన పని, ఇంట్లోవాళ్లు దారిలో రోగిని రెచ్చగొట్టడం కాదు. డిప్రెషన్‌కు మాత్రం "ఇది తలచుకో" అని చెప్పే ఖాయమైన సూత్రం లేదు. మెలకువగా, కండలు వదులుగా, ఫోన్ పక్కన పెట్టి ఉండడం చాలు.

ఈ చికిత్స చేసే దవాఖానలన్నింటికీ మా విన్నపం ఒక్కటే. సెషన్ కాగితంలో మిషన్ బలం, పల్స్‌ల లెక్క ఎట్లాగూ రాస్తారు. వాటి పక్కనే రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, నిన్నటి నుంచి ఏం తాగారు, మాత్రలు ఏమైనా మారాయా, ఇవాళ మనసు ఎట్లుంది, మధ్యలో కునుకు పడిందా అన్నవీ రాయండి. అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. నాలుగో వారంలో "ఎందుకు తగ్గలేదు" అని వెనక్కి చూసేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే చికిత్స పనిచేయలేదో, సరిగ్గా అందలేదో చెప్పలేం. రాత్రి నిద్ర లేదని రోగి నోరు విప్పి చెబితే ఆ రోజు సెషన్ ఆపాలి. ఆగిన సెషన్‌ను చివర్లో కలపొచ్చు, దానికి మళ్లీ డబ్బు తీసుకోవద్దు. డబ్బు పోతుందన్న భయంతోనే చాలామంది నిద్రపోయామని అబద్ధం చెబుతున్నారు.

ఇట్లు,
మానసిక వైద్యం, నాడీ పరీక్షల రంగంలో పనిచేసే కొందరు,
హనుమకొండ