టీకాకు వేళ దాటిపోతే

సంపాదకులకు,

పిల్లల టీకాల మాట వస్తే చాలు, అసలు వేయించం అని మొండికేసేవాళ్ల మీదే చర్చంతా నడుస్తుంది. నాకైతే వాళ్లకంటే ‘వచ్చే నెల చూద్దాంలే’ అనేవాళ్లను చూస్తేనే టెన్షన్. వీళ్లకు టీకా మీద కోపమేమీ ఉండదు. ముక్కు కారుతోందని ఒకసారి, ఇంట్లో పెళ్లుందని ఒకసారి, కార్డు కనబడలేదని ఇంకోసారి ఆగుతారు, చూస్తుండగానే బిడ్డకు ఏడాది నిండుతుంది.

ఆ తేదీలు ఎవరికో తోచినట్టు పెట్టినవి కావు. కోరింత దగ్గు పెద్దవాళ్లను వారాల తరబడి దగ్గించి వదిలేస్తుంది, అదే రెండు నెలల పసికందుకు సోకితే దగ్గు పెద్దగా లేకుండానే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే చాలా దేశాల్లో మొదటి డోసు 6 వారాలకో 2 నెలలకో పెట్టారు. ఎనిమిదో నెలలో తీసుకెళ్తే కార్డులో టిక్కు పడుతుంది, లెక్కల్లోనూ చేరుతుంది, కానీ గండమున్న నెలలన్నీ అప్పటికే రక్షణ లేకుండా గడిచిపోయాయి కదా! కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బికి టీకా మొదటి డోసు అయితే పుట్టిన 24 గంటల్లోపే వేయాలి. తట్టు, అదే మీజిల్స్ టీకాకు మాత్రం 9 లేదా 12 నెలల దాకా ఆగుతారు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఒంట్లో ఉంటే అది సరిగా పనిచేయదు కాబట్టి.

ఆ తట్టు సోకినవాళ్లు గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల వరకు వైరస్ అక్కడి గాలిలో ఉండగలదు. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. అది కూడా మొత్తం సగటు చూసి సంబరపడితే కుదరదు, మిగిలిన ఐదుగురూ ఒకే వీధి పిల్లలైతే ఆ సగటు ఎవరిని కాపాడుతుంది? ఇక ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, మట్టిలోంచి గాయంలోకి వస్తుంది, కాబట్టి పక్కింటి పిల్లాడి టీకా మన పిల్లాడికి ఏమాత్రం అక్కరకు రాదు.

ఆలస్యమైనవాళ్లు తిరిగి రాకపోవడానికి భయం కూడా ఒక కారణం. తల్లి కార్డు చాపగానే ‘ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా’ అని పదిమందిలో కసురుకుంటే ఆమె మళ్లీ ఎందుకొస్తుంది? పైగా మొదటినుంచీ అన్నీ పొడుస్తారేమోనన్న అపోహ ఒకటి. మామూలుగా ఆ అవసరం ఉండదు, ఆగిన చోటునుంచే, డోసుకీ డోసుకీ ఉండాల్సిన ఎడం పాటిస్తూ పూర్తిచేస్తారు. ఒకే రోజు రెండు మూడు సూదులు వేసినా బిడ్డ ఏడుస్తుంది తప్ప సాధారణంగా ప్రమాదం లేదు. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం వాయిదాకు కారణాలే కావు. అయితే పసిపిల్లల విరేచనాలకు అడ్డుగా వేసే రోటా వైరస్ చుక్కల్లాంటివి కొన్ని చాలా చోట్ల వయసు దాటితే ఇవ్వరు, అందుకే ఇంకో నెల ఆగడం మంచిది కాదు.

టీకాల వార్త వేసిన ప్రతిసారీ ‘డోసు తప్పినవాళ్లు ఏం చేయాలి’ అన్నది కూడా నాలుగు ముక్కల్లో వేయమని మీ పత్రికకు నా మనవి. అది చదివి ఈ వారమే పాత కార్డు వెతికి తీసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

– ఒక పాఠకురాలు