రక్తం ఇచ్చిన రాకీకి, చెర్రీకి, జంపఖానా పట్టిన చేతులకు

అందరికీ నమస్కారం. పదహారు రోజుల క్రితం రాత్రి పదకొండున్నరకు "గ్రేట్ డేన్‌కి అర్జెంటుగా రక్తం కావాలి, హైదరాబాద్" అని నేను పెట్టిన మెసేజ్ మీలో చాలామందికి చేరే ఉంటుంది. ఈ ఉదయం మా కుక్క బుజ్జి గిన్నెడు పెరుగన్నం తిని, గిన్నె నాకి, ఇంకా పెట్టమన్నట్టు నా నడుముకు ఒరిగి నిలబడింది. ఆ ఒరగడం మళ్లీ చూస్తాననుకోలేదు.

బుజ్జికి ఐదేళ్లు, బరువు 58 కిలోలు. గ్రేట్ డేన్‌లతో ఉన్నవాళ్లకు తెలుసు, ప్రేమ వస్తే మీద వాలిపోతాయి. దాన్ని చూడగానే లిఫ్టులోంచి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు కానీ, అది గట్టిగా మొరగడం మేం విన్నది తక్కువ. మా మావయ్యగారికి పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి సాయంత్రం కారిడార్లో నడిచేటప్పుడు ఎడమ చెయ్యి దాని వీపు మీదే వేస్తారు. సరిగ్గా ఆయన చేతికి అందే ఎత్తు. ఆయన ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. ఎవరూ నేర్పలేదు.

అలాంటిది మూడు రోజులు ముద్ద ముట్టలేదు. మొదట చూపించిన చోట ఎండకి వేడి చేసిందని ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. నేనూ నమ్మాను. నాలుగో రోజు రాత్రి ముక్కులోంచి రక్తం కారింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నంలా తెల్లగా ఉన్నాయి. లేవలేకపోయింది.

మాది మూడో అంతస్తు. పడుకున్న కుక్క లిఫ్టులో పట్టదు. వాచ్‌మన్ అన్న, ఎదురు ఫ్లాట్లో ఉండే ఇద్దరు తమ్ముళ్లు, ఇస్త్రీ బండి అన్న, మా ఆయన కలిసి దాన్ని జంపఖానా మీదకు జరిపి, మెట్ల మీదుగా దింపారు. ప్రతి మలుపులో ఒక్క క్షణం ఆగి, "తల జాగ్రత్త" అనుకుంటూ. ఇస్త్రీ అన్న చొక్కా నిండా రక్తం. కింది ఫ్లాట్ ఆంటీ తనకు తెలిసిన టాటా ఏస్ అతన్ని నిద్రలేపి పిలిపించారు. ఆయన డబ్బులు తీసుకోలేదు. "అమ్మా, ముందు కుక్కని చూసుకోండి" అని బండి తిప్పేశాడు.

ఆసుపత్రిలో పరీక్ష చేశాక తెలిసింది, అది పిడుదుల వల్ల వచ్చే జ్వరం, మా అమ్మ గోమార్లంటుంది వాటిని. ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైన ఉండాల్సింది పద్నాలుగు వేలు. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 37కి తగ్గకూడదు, దానికి 11 ఉంది. ఆ రాత్రే రక్తం ఎక్కించాలన్నారు.

ఇచ్చే కుక్క కనీసం 25 కిలోలు ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, దానికీ ఈ జ్వరం ఉండకూడదు. అంటే పెద్ద కుక్కకు మళ్లీ పెద్ద కుక్కే దిక్కు. అర్ధరాత్రి దాటాక ఎల్బీనగర్ నుంచి ఒక కుటుంబం తమ ల్యాబ్రడార్‌ని తెచ్చింది. పరీక్ష చేస్తే దానికీ పిడుదుల జ్వరం లోపల ఉందని తేలింది. పైకి హుషారుగానే ఉంది పాపం. ఆ అక్కా, మీ పాపకు మందులు పూర్తయ్యాక ఒక్క ఫోన్ చేయండి, నాకు అదే ధ్యాసగా ఉంది.

రెండు గంటలకు రాకీ వచ్చాడు. 48 కిలోల రాట్‌వైలర్. క్రాస్ మ్యాచింగ్, అంటే ఇద్దరి రక్తం ఒకదానికొకటి సరిపడుతుందా అని చూసే పరీక్ష, కుదిరింది. మెడ దగ్గర వెంట్రుకలు గీసి, సూది గుచ్చి రక్తం తీస్తున్నంతసేపూ వాళ్ల నాన్న ఒళ్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. మత్తు ఇవ్వలేదు. పావుగంటలో 450 మిల్లీలీటర్లు. నేను ఏడుస్తుంటే నా చెయ్యి నాకాడు. తెల్లారేసరికి బుజ్జి పీసీవీ 15. చాలదన్నారు. మర్నాడు ఉప్పల్ నుంచి చెర్రీ వచ్చి ఇంకో యూనిట్ ఇచ్చింది. అప్పుడు 19. నిన్నటికి 28.

రాత్రంతా నేల మీద బుజ్జి పక్కనే కూర్చుని, చుక్కచుక్కా లెక్కపెట్టినట్టు చూసిన డాక్టరుగారూ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఈ జ్వరానికి ఇచ్చిన డాక్సీసైక్లిన్ మందు 28 రోజుల కోర్సు ఒక్క పూట కూడా తప్పనివ్వను. ఇంట్లో గోడల పగుళ్లన్నీ పూడ్పించాం. ఆడ పిడుదు ఆ సందుల్లోకి దూరి వేలల్లో గుడ్లు పెడుతుందని మీరు చెప్పేదాకా మేం కుక్క ఒంటి మీదే వెతుక్కుంటూ కూర్చున్నాం. పెద్ద కుక్కలున్నవాళ్లూ, చెవుల లోపల, వేళ్ల మధ్య రోజూ చూడండి. తిండి మానేస్తే ఎండ అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి.

ఒకసారి రక్తం ఎక్కించుకున్న కుక్క మళ్లీ ఇంకో కుక్కకు ఇవ్వకూడదట. కాబట్టి ఈ బాకీ బుజ్జి తీర్చే వీల్లేదు. కూకట్‌పల్లిలో మా తమ్ముడి దగ్గర రెండేళ్ల ల్యాబ్రడార్ ఉంది, 31 కిలోలు. మొన్న పరీక్షలన్నీ చేయించాం, ఏ జబ్బూ లేదు. హైదరాబాద్‌లో ఎవరికి అవసరం వచ్చినా, ఏ రాత్రయినా నాకు మెసేజ్ పెట్టండి. తీసుకుని వస్తాం.