నాకు ఏ ఆపరేషనూ కాలేదురా

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

"ప్రియమైన మిత్రమా" అని మొదలుపెడదామనుకున్నాను. కానీ అలా రాస్తే ఇది నా ఉత్తరం కాదేమోనని నీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. నలభై ఏళ్ళలో నిన్నెప్పుడైనా అలా పిలిచానా? అందుకని, ఒరేయ్ మావా!

నిన్న పొద్దున నువ్వు ఫోన్ చేసి "కుట్లు విప్పారా? అన్నం తింటున్నావా?" అని అడిగేసరికి నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు నేను మూడో పెసరట్టు మీద ఉన్నాను. నాకు ఆపరేషనేమిటి? ఒక్కొక్కటే లాగితే బయటపడింది. మంగళవారం రాత్రి నా ఫోటో పెట్టుకున్న ఏదో వాట్సాప్ నంబరు నుంచి, "ఆస్పత్రిలో ఉన్నాను, అర్జెంటు, ఇరవై వేలు పంపు, ఇంట్లో చెప్పలేదు, టెన్షన్ పడతారు" అని మెసేజ్ వచ్చింది. నువ్వు పంపేశావు. తర్వాత నాలుగు రోజులు ఆగి ఫోన్ చేశావు, అది కూడా డబ్బు మాట ఎత్తకుండా కుట్ల గురించి అడగడానికి. మోసమని తెలిశాక నీ నోట వచ్చిన మొదటి మాట "అమ్మయ్య, నీకేం కాలేదు కదా". రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదురా.

ఆ మెసేజ్ నాకు పంపావు కదా, మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఒక్క "ఒరేయ్" లేదు. "హాయ్, హౌ ఆర్ యూ" అని ఉంది. నేను నిన్ను హౌ ఆర్ యూ అంటానట్రా? నా ఫోటో ఎక్కడిదంటావా, ఫేస్‌బుక్‌లో మా అమ్మాయి పెళ్ళి ఫోటోలు ఊరందరికీ కనిపించేలా పెట్టింది నేనే. కింద నువ్వు పెట్టిన కామెంట్లూ ఉన్నాయి. నీకూ నాకూ ఎంత స్నేహమో వాడికి అక్కడే తెలిసిపోతుంది. ఇప్పుడు వాటిని మనవాళ్ళకి మాత్రమే కనిపించేలా మార్చాను.

నీకు తెలివి లేక పంపావని నేననుకోవడం లేదు. నా కథ చెప్తే నువ్వే ఒప్పుకుంటావు. ఇది మీ చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, "గత నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ అధికారికి ఫోన్ చేయండి" అని ఎస్సెమ్మెస్ వచ్చింది. బిల్లు కట్టిన రసీదు సొరుగులోనే ఉంది. అయినా ఎండాకాలం, ఇంట్లో మనవడు, ఫోన్ చేసేశాను. అవతలివాడు ఎంత మర్యాదస్తుడో! ప్రతి మాటకీ సార్. "పది రూపాయలు కడితే అప్‌డేట్ అయిపోతుంది సార్, ఈ చిన్న యాప్ వేసుకోండి" అన్నాడు. అది స్క్రీన్ షేరింగ్ యాప్. అంటే నా ఫోన్లో నేను చూసేదంతా వాడూ చూస్తున్నాడు. పది రూపాయలు కట్టడానికి నేను పాస్‌వర్డ్ కొడుతుంటే, ఓటీపీ వస్తుంటే, వాడు అక్కడ కూర్చుని రాసుకుంటున్నాడు. ఇరవై నిమిషాల్లో నలభై ఎనిమిది వేలు పోయాయి. ఇలాంటి యాప్ గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించిందట. నాకు తెలిసింది డబ్బు పోయాకే. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, పది రూపాయల దగ్గర దొరికిపోయాను.

ఆ తర్వాత చాలా ఆలోచించాను. నన్ను భయపెట్టి తొందరపెట్టాడు, నిన్ను నా మీది ప్రేమతో తొందరపెట్టాడు. కానీ ఇద్దరిలోనూ ఒకటే జరిగింది. వాడిచ్చిన నంబరుకే నేను ఫోన్ చేశాను, వాడు రాసిన చోటే నువ్వు జవాబిచ్చావు. బిల్లు మీదున్న నంబరుకి నేను చేసినా, నా పాత నంబరుకి నువ్వు ఒక్క రింగ్ ఇచ్చినా కథ అక్కడితో అయిపోయేది. అప్పట్నుంచీ నేను పాటిస్తున్నది ఇదొక్కటే. కబురు ఎవరిదైనా, వాళ్ళు చూపించిన తలుపు తట్టను. అదే ఇంటికి నాకు తెలిసిన దారిలో వెళ్తాను. బ్యాంకు పేరుతో మెయిల్ వస్తే అందులో లింకు ముట్టుకోకుండా నా ఫోన్లోని బ్యాంకు యాప్ తెరిచి చూస్తాను. నిజంగా పని ఉంటే అక్కడా కనిపిస్తుంది కదా.

పెన్షన్ వచ్చాక నీకు మెయిళ్ళు ఎక్కువయ్యాయన్నావు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను. మొన్న నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ వచ్చిందని మెయిల్ వచ్చింది. పైన అశోక చిహ్నం, కింద అధికారి హోదా, అన్నీ ఉన్నాయి. పంపినవాడి పేరు మీద వేలు పెడితే అసలు అడ్రసు బయటపడింది, ఏదో విదేశీ దుకాణం పేరు. పైన కనిపించే పేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు, దానికి విలువ లేదు. ఒక్కోసారి అడ్రసులోనూ మాయ ఉంటుంది. ఇంగ్లీషు ఆర్, ఎన్ చిన్నక్షరాలు పక్కపక్కన పెడితే మన కళ్ళజోడుకి ఎం లాగే కనబడుతుంది. రీఫండ్ నిజమైతే మనం రిటర్నులో రాసిన బ్యాంకు ఖాతాకే వస్తుంది. దానికి కార్డు నంబరెందుకు?

లింకు చదవడం ఉత్తరం మీద అడ్రసు చదవడం లాంటిదే. ఇంటికి ఎవడైనా తాజ్ మహల్ అని పేరు పెట్టుకోవచ్చు, ఆ ఇల్లు ఆగ్రాలో ఉందో అంగలకుదురులో ఉందో తెలియాలంటే చివర ఊరూ పిన్‌కోడూ చూడాలి. లింకులో మొదట వచ్చే రెండు ఏటవాలు గీతలు వదిలెయ్యి. ఆ తర్వాత మొదటి గీత ఎక్కడుందో చూసి, అక్కణ్ణుంచి వెనక్కి చదువు. ఆ గీతకి ముందున్న చివరి ముక్కలే అసలు ఊరు. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అడ్రసుకి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచి పనే. కానీ ఆ మాటలు మధ్యలో ఎక్కడో ఉండి, చివర ఇంకేదో డాట్ కామ్ ఉంటే అది బ్యాంకు కాదు. తాళం గుర్తు ఉంది కదా అంటావేమో. దారిలో ఎవరూ చూడకుండా మాట చేరుతుందని దానర్థం, చేరేది దొంగ ఇంటికైతే తాళం ఏం చేస్తుంది? గూగుల్ క్రోమ్ 2023లో ఆ గుర్తే తీసేసింది, జనం దాన్ని చూసి నమ్మేస్తున్నారని.

యూపీఐ సంగతి నీకు సులువు. కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ ఎందుకు ఉంటుంది? మనం డబ్బు ఇవ్వడానికి. మనకి డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అస్సలు అక్కర్లేదు. నీ పాత బీరువా అమ్మకానికి పెడతానన్నావు కదా, "అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేయండి" అని ఎవడో ఒకడు తప్పకుండా వస్తాడు, చూడు. ఇదివరకు డబ్బు అడిగే రిక్వెస్టు పంపి, అది డబ్బు ఇవ్వడమే అన్నట్టు నమ్మించేవాళ్ళు. మనుషుల మధ్య ఆ రిక్వెస్టుల్ని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. ఒక తలుపు మూశారు, సంతోషం.

శుభలేఖల గోల ఇంకోటి. వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక పేరుతో ఏపీకే అని ముగిసే ఫైలు వస్తుంది. అది పత్రిక కాదు, యాప్. వేసుకుంటే మన ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు వాడి చేతికి పోతాయి. మా అపార్టుమెంటులో ఒకాయన "ఏపీకే అంటే ఆంధ్రాకే అనుకున్నానండీ" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను, పాపం. పీఎం కిసాన్ పేరుతోనూ, ట్రాఫిక్ చలానా పేరుతోనూ ఇవే వస్తున్నాయి. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందునుంచి కదలొద్దు" అంటే మాత్రం మాట్లాడకుండా పెట్టేయ్. అలాంటిది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానే రేడియోలో చెప్పాడు.

నిన్న సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమంటే "పరువు పోతుందిరా" అన్నావు, చివరికి చేశావనుకో. నా అనుభవం విను. ఆ నంబరు వెనక పోలీసులూ బ్యాంకులూ ఒకే వ్యవస్థలో ఉంటారు. మన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మరోదానికి పరుగెడుతుంటుంది. ఏటీఎంలోంచి బయటికి వెళ్ళేలోగా దొరికితే ఆ ఖాతాలో ఆపేస్తారు. నేను గంటలోపే చేశాను కాబట్టి నలభై ఎనిమిదిలో పందొమ్మిది వేలు ఆగాయి. అవి చేతికి రావడానికి నెలలు పట్టిందనుకో, కాగితాలు, కోర్టు, అదో పెద్ద ప్రయాణం. నీకు నాలుగు రోజులు పోయాయి కాబట్టి నేను ఆశ పెట్టను. కానీ ఫిర్యాదు నంబరు వచ్చింది కదా, సైబర్‌క్రైమ్ పోర్టల్లో మిగతా వివరాలు ఎక్కించు. లావాదేవీకి పన్నెండంకెల నంబరు ఉంటుంది, అది తప్పకుండా రాయి. బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వు. మన తప్పు లేకుండా బయటివాళ్ళ వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద వెయ్యకూడదని 2017లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. నువ్వే పిన్ కొట్టి పంపావు కాబట్టి నీకది అక్కరకు రాకపోవచ్చు. అయినా ఇవ్వు. ఆ ఖాతా మీద ఇంకో పది ఫిర్యాదులు ఉండి ఉంటాయి, నీదీ కలుస్తుంది.

నేనూ ఇక్కడ ఫిర్యాదు ఇచ్చాను, నా ఫోటో వాడారని. ఆ నంబరుని వాట్సాప్‌లో రిపోర్టు చేశాను. మన బ్యాచ్ గ్రూపులోనూ పెట్టాను, నీ పేరు చెప్పలేదులే. పెట్టిన పది నిమిషాలకి ఇద్దరు విడిగా ఫోన్ చేశారు, వాళ్ళకీ అదే మెసేజ్ వచ్చిందట. ఒకడు ఐదు వేలు పంపాడట కూడా. ఇన్నాళ్ళూ అడగడానికి మొహమాటపడ్డాడు, వెధవ.

ఆ ఇరవై వేలు నా మొహం చూసి పోయినవి కాబట్టి సగం నావి. సంక్రాంతికి తెనాలి వస్తున్నాం, అప్పుడిస్తాను. వద్దని పేచీ పెట్టావంటే తిన్నగా చెల్లెమ్మ చేతికిస్తాను. దేనికన్నయ్యా అని ఆవిడ అడుగుతుంది, నేను అబద్ధం ఆడలేను. ఈలోగా నువ్వే చెప్పేసుకో.

ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, నా పాత నంబరుకే. గొంతు కూడా నకలు చేస్తున్నారట ఈ మధ్య, కాబట్టి ముందు నన్నొక ప్రశ్న అడుగు. తొమ్మిదో తరగతిలో మీ నాన్నగారి సైకిల్ కాలవలో పడేసింది ఎవరు? "నువ్వే" అన్నవాడు నేను. "నేనే" అని ఒప్పుకున్నాడంటే వాడెవడో మోసగాడు, వెంటనే పెట్టేయ్.

నీ
కుట్లు లేని మావ